బోర్లా పడుకుని వేసిన బొమ్మలు

గత నెల ఒక బుధవారం మా సబ్‌సెంటర్ వరండాలో పసిపిల్లలకు టీకాలు వేస్తున్నాను. ఇంకా ఆరుగురు తల్లులు ఒళ్లో బిడ్డలతో కూర్చుని ఉన్నారు. ఫోన్ మోగింది. వదిన. ఎత్తగానే, “చెల్లె, మీ అన్న పోయిండు” అన్నది. గొంతులో ఏడుపు లేదు. “పొద్దుగాల చాయ్ తాగిండు. గిలాస నా చేతికిచ్చి కండ్లు మూసిండు. నిద్ర వట్టిందనుకున్న.”

నేను వెంటనే లేచి పోలేదు. ఆరుగురు పిల్లలకూ టీకాలు వేసి, కార్డుల మీద రాసి, మందుల డబ్బా మూత పెట్టి అప్పుడు పోయాను. మధ్యలో వదిలేసి పోయి ఉంటే ఆయన కళ్లు తెరిచి తిట్టి ఉండేవాడు. “పోరగాండ్లను ఎండల కూసుండవెట్టి నా కోసం ఉరికొచ్చినవా?” అని.

ఆయన నాకు తోడబుట్టిన అన్న కాదు. వేములవాడకు దగ్గరలో నేను నర్సుగా పనిచేసే ఊళ్లో నా పేషెంటు. మొదట్లో సిస్టర్ అని పిలిచేవాడు. ఎప్పటి నుంచి చెల్లెనయ్యానో గుర్తులేదు. మీలో ఎక్కువ మందికి ఆయన తెలిసి ఉండడు. అయితే కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో ఎవరి ఇంటికో వెళ్లినప్పుడు, గోడ మీద మనిషీ చెట్టూ దేవుడూ ఏదీ కనిపించని రంగుల బొమ్మ ఒకటి చూసి, ఇదేమిటని అడిగి ఉంటారేమో. అడిగి ఉంటే ఆ ఇంటివాళ్లు బొమ్మ సంగతి పక్కనపెట్టి, తాము ఒక ఊరికి వెళ్లి వచ్చిన సంగతి చెప్పి ఉంటారు. ఆ బొమ్మ ఆయనది.

ఆయన ఇండ్లకు రంగులు వేసే మనిషి. ఏడో తరగతితో బడి ఆపేసి బ్రష్ పట్టాడు. పెళ్లయిన కొన్నేళ్లకు, ఊళ్లో చాలామంది లాగే, దుబాయి పోయాడు. అక్కడ కూడా అదే పని. తాళ్లకు వేలాడే పలక మీద నిలబడి పెద్ద పెద్ద కట్టడాలకు రంగు వేసేవాడు. ఒకరోజు ఆ పలక ఒరిగింది. రెండు నెలలు అక్కడి ఆస్పత్రిలో ఉంచి, స్ట్రెచర్ మీద ఇంటికి పంపించారు. నడుము నుంచి కింద స్పర్శ లేదు. అప్పటికి ఆయనకు నలభై కూడా నిండలేదు.

మా ఆశా కార్యకర్త నన్ను మొదటిసారి ఆ ఇంటికి తీసుకుపోయిన రోజు బాగా గుర్తుంది. గడప దగ్గరే వాసన వచ్చింది. మంచం పక్కన వదిన బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఆకు చుడుతోంది. రెండు గంటలకోసారి చాట దించి, ఆయనను పక్కకు తిప్పి, మళ్లీ చాట ఎత్తుకునేది. అయినా నడుము కింద పుండ్లు పడ్డాయి. ఒక్కొక్క పుండు నా పిడికిలి పట్టేంత. నేను కట్టు విప్పుతుంటే ఆయన గోడ వైపు మొహం తిప్పుకుని అన్నాడు.

“సిస్టర్, ఎందుకు కష్టపడతవు? నాకు నొస్తలేదు. నొయ్యనిది నాది కాదు.”

“నొయ్యకుంటే చీము పట్టదా? చీముకు తెలుస్తదా ఎవరిదో?” అని కసురుకున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. పేషెంటును కసరకూడదని నాకింకా తెలియదు. ఆయన మాత్రం ఆ మాటకు నవ్వాడు. ఇంటికి వచ్చాక అదే మొదటి నవ్వు అని వదిన తర్వాత చెప్పింది.

ఆ నవ్వు నిలవలేదు. నెల తిరిగేసరికి అన్నం మానేశాడు. అడిగితే ఆకలి లేదనేవాడు. ఒకరోజు నేను వెళ్లేసరికి వదిన ఇంట్లో ఉన్న పాత రంగు డబ్బాలు, టర్పెంటైన్ సీసా సంచిలో వేసుకుని పక్కింట్లో దాచడానికి పోతోంది. ఎందుకని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆయనను నిలబెట్టింది మందులు కాదు, ఒక గాలి పరుపు. దుబాయిలో ఆయనతో ఒకే గదిలో ఉన్నవాళ్లు తలా ఇంత వేసుకుని కొన్నారు. వాళ్లలో ఒకతను, జగిత్యాల దిక్కు మనిషి, సెలవు మీద వస్తూ తన పెట్టె తగ్గించుకుని దాన్ని మోసుకొచ్చాడు. వరుసలు వరుసలుగా గాలి గదులున్న పరుపు. చిన్న మోటారు ఉంటుంది. కాసేపు ఒక వరుస ఉబ్బుతుంది, కాసేపు పక్క వరుస. ఒంటి బరువు ఒకేచోట ఆనకుండా చూస్తుంది. దాన్ని మంచం మీద పరిచి ఆయనను పడుకోబెట్టాం. మధ్యాహ్నం పడుకున్నవాడు మరునాడు పొద్దున లేచి అన్నం అడిగాడు.

ఈ మాట ఆయన తర్వాత చాలామందికి చెప్పాడు: “పరుపు వచ్చినంక నిద్ర వచ్చింది. నిద్ర వచ్చినంక చావాలన్న సోయి పోయింది. గంతే. గీడ పెద్ద కథేం లేదు.”

పుండ్లకు గాలి తగలాలని రోజూ కొన్ని గంటలు బోర్లా పడుకోమని చెప్పాను. బోర్లా పడుకుంటే కనిపించేది నేల ఒక్కటే. కొన్నాళ్లకు విసుగొచ్చింది. ఒకరోజు నేను కట్టు కడుతుంటే చెయ్యి చాపి, నా ట్రేలోంచి దూది తీసుకుని నీలిమందులో ముంచాడు. మందులు వచ్చిన అట్టపెట్టె ఒకటి చింపి కింద పడి ఉంది. మంచం అంచు మీంచి చెయ్యి వేలాడేసి దాని మీద ఒక గీత లాగాడు. పక్కనే అయోడిన్‌తో ఇంకొకటి. రెండూ కలిసినచోట వేలితో రుద్దాడు.

“అన్నా, అది మందు! ఆటకు తెచ్చిన్నా?” అన్నాను.

“జర ఆగు చెల్లె” అన్నాడు. అట్ట వైపే చూస్తున్నాడు. “నొప్పి నడుము కాడ ఆగిపోతది. ఆగేకాడ గిట్లనే ఉంటది. చెప్పుమంటే నాకు రాలే. గిప్పుడు వచ్చింది.”

అట్ట మీద నీలం, గోధుమ రంగు, వాటి మధ్య బురదలాంటి ఒక అంచు. నాకేమీ అర్థం కాలేదు. కానీ అన్ని నెలల్లో ఆయన తన నొప్పి గురించి మాట్లాడింది అదే మొదటిసారి. కాసేపటికి వదిన వైపు తిరిగి, “నా రంగుల డబ్బాలు ఏడ వెట్టినవు? టర్పెంటైన్ గూడ కావాలె” అన్నాడు.

వదిన నా మొహం చూసింది. నేను ఆమె మొహం చూశాను. ఆమె బీడీల చాట దించి, లేచి, పక్కింటికి వెళ్లి సంచి తెచ్చి మంచం కింద పెట్టింది. టర్పెంటైన్ సీసా మాత్రం సంచిలో ఉంచకుండా మూత తీసి ఆయన చేతికే ఇచ్చింది. ఇంత ధైర్యం నేను ఏ ఆస్పత్రిలోనూ చూడలేదు.

అప్పటి నుంచి అన్నీ బోర్లా పడుకునే వేశాడు. కింద అట్టో, ప్లైవుడ్ ముక్కో, పాత ఫ్లెక్సీ వెనక వైపో పరిచి, పైనుంచి చెయ్యి వేలాడేసి పోసేవాడు, లాగేవాడు, గుడ్డతో తుడిచేవాడు. ఎవరూ నేర్పలేదు. గోడలకు రంగు వేసిన చెయ్యి కాబట్టి ఏ రంగు కింద ఏ పూత ఉండాలో, ఎంత ఆరాక పైపూత వేయాలో ఆయనకు తెలుసు. మిగతాదంతా ఆయనే వెతుక్కున్నాడు. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి తలలు గోక్కునేవారు. “మంచిగ రాజన్న దేవుని బొమ్మ ఎయ్యరాదే, పుణ్యమన్న వస్తది” అని ఒకాయన. “గిది ఏంది, బిడ్డ?” అని ఒక ముసలామె. ఆయన ఎవరినీ తీసిపారేయలేదు. “నీకు ఏం కనవడ్డదో చెప్పు పెద్దమ్మ” అని తిరిగి అడిగాడు. ఆమె చాలాసేపు వంగి చూసి, “బాయి ఎండినప్పుడు అడుగున గిట్లనే ఉండె” అన్నది. “అయితే గదే” అన్నాడు ఆయన.

ఒకసారి కరీంనగర్ నుంచి ఒక డ్రాయింగ్ మాస్టారు వేములవాడ రాజన్న దర్శనానికి వచ్చి, ఎవరో చెబితే ఆ ఇంటికి వచ్చారు. ఇంట్లో గోడలకు ఆనించిన అట్టలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశారు. “ఎక్కడ నేర్చుకున్నవు? దీన్ని అబ్‌స్ట్రాక్ట్ అంటరు, తెలుసా?” అని అడిగారు. అన్న ఆ మాటను రెండుసార్లు పలికించుకున్నాడు. మాస్టారు కాసేపు బయటికి పోగానే నాతో అన్నాడు: “దీనికి పేరున్నదట చెల్లె. పేరున్నదంటే నాకు పిచ్చి లేనట్టే గద!”

మాస్టారు తిరిగి లోపలికి వచ్చి ఒక బొమ్మ కొంటానన్నారు. అప్పుడే ఒక షరతు పుట్టింది. నాకు తెలిసిన నర్సొకామె ఆ వారంలోనే ఫోన్ చేసి, పక్క మండలంలో తాటిచెట్టు మీంచి పడ్డ ఒక గీత కార్మికుడి వీపు పుండ్లు పడిపోయిందని చెప్పింది. నేను ఆ సంగతి అన్నతో అన్నాను. అది ఆయన మనసులో ఉంది.

“సార్, పైసలు నాకియ్యకుండ్రి. గాలి పరుపు ఒకటి కొని ఆయన ఇంటికి పట్టుకపోండ్రి. మీరే పోవాలె. మీ చేతుల మీద పరిచి, ఆయన నిద్ర వోయినంక వచ్చి నాకు చెప్పుండ్రి. బొమ్మ గప్పుడు తీసుకపోండ్రి.”

“నేనే ఎందుకయ్యా? మనిషితో పంపిస్త” అన్నారు మాస్టారు.

“బొమ్మ గోడకు వెట్టుకోని మంచిగున్నదంటరు సార్. ఏడికెంచి వచ్చిందో తెల్వాలె గద. ఒక్కసారి ఆ వీపు చూస్తే తెలుస్తది.”

మాస్టారు పోయారు. మూడో రోజు తిరిగి వచ్చి మంచం పక్క స్టూలు మీద కూర్చున్నారు. ఆయన చెప్పేది వినకుండా అన్న తన ప్రశ్నలే అడిగాడు. “మోటారు చప్పుడుకు భయపడ్డడా? అన్నం తిన్నడా? నిద్ర వోయిండా?” నిద్ర పోయాడని చెప్పాక, “ఇగ తీసుకపోండ్రి” అన్నాడు. ఆ మాస్టారు బొమ్మను భుజం మీద పెట్టుకుని బస్టాండుకు నడుస్తూ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఆయన వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు వచ్చారు. పరుపు ఎవరికి కావాలో నర్సులూ ఆశా కార్యకర్తలూ నాకు చెప్పేవారు. నేను అన్నకు చెప్పేదాన్ని. ఇల్లు గడవడానికి ఆయన దుకాణాల బోర్డులు రాసేవాడు, అవి కూడా బోర్లా పడుకునే. “బోర్డు బువ్వకు, బొమ్మ మొక్కుకు” అనేవాడు. వదినకు మాత్రం ఇది మొదట నచ్చలేదు. బీడీలు చుట్టీ చుట్టీ ఆమె వేళ్లు పగిలి ఉండేవి. “మొక్కులు మొక్కెటోళ్లు రాజన్న గుడిల కోడెను కట్టేసి ఇంటికి పోతరు. నీ మొక్కు తీరుడే లేదు” అని నా ముందే దెప్పేది.

ఒక విషయం చెప్పాలి. చెప్పకపోతే ఆయనను దేవుణ్ణి చేసినట్టు అవుతుంది. అది ఆయనకు గిట్టదు.

ఒక లాడ్జి యజమాని పెద్ద బొమ్మ ఒకటి ఇష్టపడ్డాడు. పరుపు ఇవ్వాల్సింది ఇచ్చోడ దగ్గర ఒక పల్లెలో, పత్తి బండి తిరగబడి నడుము విరిగిన ఒక ఆడమనిషికి. ఆయన అంత దూరం పోలేక, పరుపు కొని ఆటోలో అన్న ఇంటికే పంపి, బొమ్మ ఇచ్చి పంపమన్నాడు. అన్నకు కోపమొచ్చింది. “నేను చెప్పిందేంది, ఆయన చేసిందేంది? పరుపు వాపస్ పంపుండ్రి” అన్నాడు. ఆటో అతను అప్పటికే వెళ్లిపోయాడు. పరుపు పెట్టె గోడ పక్కన ఉండిపోయింది. ఒకరోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. నేను అడిగితే, “ఆయన వచ్చి పట్టుకపోవాలె” అన్న ఒక్క మాటే.

ఐదో రోజు నేను కట్టు మార్చడానికి పోయినప్పుడు వదిన చాట పక్కకు నెట్టింది.

“నాకు ఒకటి చెప్పు” అన్నది ఆయనతో. “నీ షరతు పెద్దదా, ఆమె వీపు పెద్దదా?”

ఆయన గోడ వైపు మొహం తిప్పుకున్నాడు.

“పరుపు గీడ అట్టపెట్టెల ఉన్నది. ఆమె ఆడ పుండ్ల మీద ఉన్నది. నాలుగు దినాలాయె. నీకు పరుపు తెచ్చినాయన గిట్ల షరతు వెట్టిండా? పెట్టి ఉంటే నువ్వు ఉందువా?”

వదిన నా వైపు తిరిగి, “రేపు సెలవు వెడతవా చెల్లె? నాకు తొవ్వ తెల్వదు” అన్నది.

కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నిర్మల్ పోయి, ఘాట్ ఎక్కి ఇచ్చోడలో దిగాం. అంత దూరం పరుపు పెట్టెను వదిన ఒళ్లోనే పెట్టుకుంది. పల్లెకు ఆటో. ఇంటి ముందు అత్తగారు నిలబడి ఉంది. “యా బాయీ, యా, లోపటికి రండ్రి” అని మరాఠీ కలిపి పిలిచింది. లోపల మంచం మీద ఆ పిల్ల. పాతికేళ్లు ఉంటాయేమో. నేను నర్సును కదా, తిప్పడానికి ముందుకు పోయాను. వదిన నన్ను పక్కకు జరిపింది.

“నువ్వు కట్టు చూడు. తిప్పుడు నాకొస్తది.”

ఆ పిల్ల భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి, పసిబిడ్డను తిప్పినట్టు తిప్పింది. అత్తను దగ్గరికి పిలిచి ఒక్కొక్కటే చూపించింది. “మోకాళ్ల నడుమ మెత్త పెట్టాలె. కరెంటు పోతే పైపు మడిచి కట్టుండ్రి, గాలి పోదు. ఇంకొకటి అత్తమ్మా, ఈమె నొస్తలేదు అంటే నమ్మకుండ్రి. దినాం మీరే చూడాలె.” పరుపు ఉబ్బాక ఆ పిల్ల కాసేపు భయంగా మంచం పట్టె పట్టుకుంది. తర్వాత వదిలేసింది. “ఎవలు పంపిన్రక్క?” అని అడిగింది.

“మా ఇంటాయన. ఆయన గూడ నీ లెక్కనే మంచంలున్నడు.”

“ఏం చేస్తడు మరి?”

వదిన ఆమె మీద దుప్పటి సర్దింది. “బొమ్మలేస్తడు” అన్నది. “నువ్వు మంచిగయినంక నీకొకటి పంపుమంట.”

ఆ పిల్ల నిద్రపోయే దాకా వదిన లేవలేదు. ఆఖరి బస్సు పోతుందని నేను రెండుసార్లు గుర్తుచేశాను. మరునాడు ఇంటికి రాగానే అన్న అడిగిన మాట తెలుసు కదా. “నిద్ర వోయిందా?”

“పోయింది. చూసినంకనే వచ్చిన. ఇగ ఆ లాడ్జి ఆయనకు బొమ్మ ఇయ్యి.”

“ఆయన పోలే గద.”

“ఆయన దిక్కు నేను పోయిన.”

ఆయన గోడకు ఆనించిన ఆ బొమ్మ వైపు చెయ్యి చూపాడు. “పెద్ద బొమ్మ గద, జాగ్రత్తగ చుట్టు” అన్నాడు. ఆ రోజుల్లోనే నాతో ఒకసారి అన్నాడు: “షరతు వెట్టిననాడు దాన్ల జర గీర గూడ ఉండె చెల్లె. నా అసుంటోని తానకు అందరు రావాలె అని. మీ వదిన దించింది.” అప్పటి నుంచి షరతు మారింది. పోగలిగినవాళ్లు పోవాలి. పోలేనివాళ్ల తరఫున వదిన పోతుంది. ఆమె ఎక్కని బస్సు లేదు. ఎన్ని ఇండ్లకు పోయిందో లెక్క ఎవరూ పెట్టలేదు.

చివరి ఏడాది ఆయనకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మంచంలో ఏళ్ల తరబడి ఉన్నవారికి వచ్చేదే. జ్వరం వచ్చేది, తగ్గేది. వేళ్లలో పట్టు పోయింది. వదిన బ్రష్‌ను గుడ్డపీలికతో ఆయన చేతికి కట్టేది. కట్టు మరీ బిగిస్తే, “నువ్వు బీడీకి దారం చుట్టినట్టు చుడుతున్నవు” అని నవ్వేవాడు. ఆ నెలల్లో వేసినవాటిలో రంగు తక్కువ. ఎక్కువ భాగం ఖాళీగా వదిలేశాడు. ఎందుకని అడిగితే, “ఏం ఫికర్ లేదు, ఖాళీ గూడ పూతనే” అన్నాడు.

ఇన్నేళ్లలో నేను ఆయన దగ్గర ఒక్క బొమ్మ అడగలేదు. ఒకసారి ఆయనే అన్నాడు: “నువ్వు దినాం ఎవలో ఒకల ఇంటికి పోతనే ఉన్నవు. నీకు నేనేం షరతు వెట్టాలె?” అని. అడగకపోవడానికి అసలు కారణం వేరు. ఆ బొమ్మలు నాకు అర్థం కావని, అర్థం కానిది అడిగితే ఆయనను మోసం చేసినట్టవుతుందని అనుకునేదాన్ని. ఈ మాట ఆయన బతికుండగా చెప్పలేదు. చెప్పి ఉంటే నవ్వేవాడు.

పదకొండో దినం అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక వదిన నన్ను పిలిచింది. “నస్పూర్ల ఒకాయన ఉన్నడట. బాయిల పని చేసి దిగిపోయినాయన. పక్షవాతం వచ్చి ఏడాదాయె. నర్సు ఫోన్ చేసింది” అన్నది. అక్కడ బొగ్గుబావిని బాయి అంటారు, రిటైరవడాన్ని దిగిపోవడమంటారు.

“పరుపు నేను కొంట” అన్నాను. “నేనే పోత. నాకొక బొమ్మ కావాలె వదినా.”

నేను పరుపు తెచ్చిన రోజు ఆమె చెప్పులు వేసుకుని నాతో బయల్దేరింది.

ఆ ఇల్లు కార్మికుల క్వార్టర్ల వరుసలో చివరిది. ఆయన భార్య మమ్మల్ని చూసి కంగారుపడి కుర్చీలు వెతికింది. ఏడాదిగా నిద్రలేని మొహం ఆమెది. ముగ్గురం కలిసి ఆయనను ఎత్తాం, పరుపు పరిచాం, మోటారు పెట్టాం. వదిన చెబుతుంటే ఈసారి నేను తిప్పాను. వీపు తుడిచి కట్టు కట్టాను. ఆయనకు మాట లేదు. కళ్లు మాత్రం మా ముగ్గురి మీద తిరుగుతున్నాయి. పరుపు ఒక వరుస ఉబ్బింది, ఒక వరుస దిగింది. మేం కింద చాప మీద కూర్చున్నాం. ఆమె చాయ్ పెట్టి తెచ్చింది. ఎవరం తాగలేదు.

కొంతసేపటికి ఆయన కళ్లు మూతపడ్డాయి. గురక సన్నగా మొదలైంది. ఆమె నమ్మలేనట్టు మంచం దగ్గరికి పోయి, ముక్కు ముందు వేలు పెట్టి చూసింది. తిరిగి వచ్చి మా పక్కనే గోడకు ఆనుకుంది. బయటి నుంచి పక్కింటామె, “ఏమున్నదక్కా, ఎవలొచ్చిన్రు?” అని గట్టిగా పిలుస్తూ గడప దాకా వచ్చింది. ఈమె అక్కడి నుంచే పెదవుల మీద వేలు పెట్టి వద్దన్నట్టు తల ఊపింది. పక్కింటామె అక్కడే ఆగి, చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా లోపలికి వచ్చి మా వరుసలో కూర్చుంది. నలుగురం మంచం వైపే చూస్తూ ఉండిపోయాం.